మాటలతో నడిచే ఆటలకూ చోటివ్వండి

సంపాదక మహాశయా,

సెలవుల్లో పిల్లలు నేర్చుకోదగ్గ కంప్యూటర్ విద్యల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఆటల తయారీ అనగానే త్రీడీ బొమ్మలు, ఖరీదైన కంప్యూటర్లే చెప్పారు. వట్టి అక్షరాలతో నడిచే ఆటల ఊసే లేదు, అంటే కథ చదువుతూ ఎటు పోవాలో ఆడేవాళ్లే తేల్చుకునేవి. 1976లో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ గుహల్లో తిరిగే సాహసాన్ని కంప్యూటర్ ఆటగా రాసినప్పుడు తెర మీద ఒక్క బొమ్మయినా లేదు! తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని, కథలల్లే పిల్లల తరఫున ఈ మాట అడగాల్సివచ్చింది.

కొత్తవాళ్లకు నేను చూపించేది ట్వైన్, ఇలాంటి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్. క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేశారు, ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. కథలో ఒక ముక్క రాసి, ‘తలుపు తియ్యి’ అన్న మాటకు అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే చాలు, అది నొక్కదగిన లంకె అవుతుంది. దాని అవతలి గది, అంటే కథలో తర్వాతి ముక్క రాసుకునే చోటు, కూడా తనే పుడుతుంది. తెలుగు అక్షరాలతో పేచీ లేదు.

చిక్కంతా కొమ్మల దగ్గర. ప్రతి మలుపులో రెండు దారులిస్తూ పోతే అయిదో మలుపుకి 32 ముగింపులు, పదో మలుపుకి 1024. ఉత్సాహవంతులైన పిల్లలు సరిగ్గా ఇక్కడే చతికిలబడతారు. అందుకే విడిపోయిన దారుల్ని రెండు మూడు అడుగుల్లో మళ్లీ ఒకచోట కలపమంటాను. ఏ దారిన వచ్చారో మరిచిపోకుండా ఒక చరరాశిలో (ఆట గుర్తుపెట్టుకునే విలువలో) దాచుకోవాలి: తాళంచెవి తీసుకున్నాడా లేదా, ముసలమ్మకి అబద్ధం చెప్పాడా లేదా. నాలుగు గదుల తర్వాత ఆ అబద్ధం బయటపడితే ఆడేవాడు ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు ఏ గ్రాఫిక్సూ ఇవ్వలేవు. (గదుల పటం ముందు కాగితం మీద గీయించండి, పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి.)

ఆడేవాళ్లు లంకెలు నొక్కే బదులు ఆజ్ఞలు టైపు చేసే ఆటలు తయారుచేయడానికి ఇన్ఫార్మ్ 7 అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చాలా శక్తిమంతమైనదే కానీ అందులో ప్రోగ్రామే ఇంగ్లీషు వాక్యాల్లా సాగుతుంది. ‘పెట్టెలో’, ‘పెట్టెని’, ‘పెట్టెమీద’ అని విభక్తులు అతుక్కునే మన భాషని దానికి నేర్పడం తొలిమెట్టు పని కాదు. కాస్త చెయ్యి తిరిగాక, కొమ్మలు చీలే కథలు రాయడానికే ఉన్న ఇంక్ అనే ప్రోగ్రామింగ్ భాష చూడొచ్చు, అదీ ఉచితమే.

ఒక హెచ్చరిక. బ్రౌజర్‌లో రాసిన ట్వైన్ కథ ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. ఎవరైనా దాని డేటా తుడిచేస్తే కథా గోవిందా. రోజూ పని ముగిశాక ఒక ప్రతి ఫైలుగా దించుకోవాలి.

మీ ఆదివారం పిల్లల పేజీకి కథలు అడిగినట్టే ఇలాంటి ఆటలూ అడగండి. ట్వైన్‌లో పూర్తయిన ఆట మామూలుగా ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్‌పేజీ) ఫైలు, మీ వెబ్‌సైట్‌లో పెట్టడానికి సిబ్బందికి పెద్ద శ్రమ ఉండదు. ముందుగా వచ్చినవాటిని చదివి, ఎక్కడ దారి తెగిందో గుర్తించే పని నాకప్పగించినా చేస్తాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని