మూత్రాశయం గురించి కూడా అడగండి

సంపాదకులకు,

షుగర్ ఉన్నవాళ్లకు కళ్లు, కిడ్నీలు, పాదాల పరీక్షల గురించి మీ పత్రిక తరచూ రాస్తోంది, మంచిదే. మూత్రాశయం మాట మాత్రం కనపడదు. టైప్ 2 మధుమేహం మొదలైన 14 ఏళ్లకు మా నాన్నగారికి మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చేది. మందు వాడితే తగ్గేది, మళ్లీ వచ్చేది. వయసు మీద పడింది కదా, ప్రోస్టేట్ అయి ఉంటుందనుకున్నాం. చివరికి ఆయన మూత్రానికి వెళ్లొచ్చాక స్కాన్ చేస్తే లోపల ఇంకా 300 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. ఆయనకు ఆ సంగతే తెలియలేదు.

షుగర్ వల్ల మూత్రాశయానికి వచ్చే ఈ జబ్బులో అసలు చిక్కు అలా తెలియకపోవడమే. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే, పాదాల్లో స్పర్శ పోయినట్టే, మూత్రాశయం నిండిందని చెప్పే నరాలూ మొద్దుబారతాయి. సంచి సాగుతుంది, కండరం పట్టు తప్పుతుంది, నిలిచిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముదిరితే కిడ్నీలకూ ముప్పే. కొందరికైతే మొదట్లో ఇందుకు భిన్నంగా, ఆపుకోలేనంతగా వస్తుంది.

ధార సన్నబడటం, ముక్కాల్సి రావడం, రోజుకు రెండు మూడుసార్లే వెళ్లడం సిగ్గుపడి దాచుకునే విషయాలు కావు. నాన్నగారు ఏడాది దాచారు. డాక్టర్లూ అడగలేదు. ఇప్పుడాయన మూత్రం వచ్చినట్టు అనిపించకపోయినా 3, 4 గంటలకోసారి వెళ్తున్నారు, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తారు. ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కొన్ని జలుబు మాత్రలు కూడా మూత్రాన్ని నిలిపేస్తాయని అప్పటిదాకా మాకు తెలియదు.

ఆ స్కాన్‌కు నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల పని. పాదాలు చూసే డాక్టర్లు మూత్రం సరిగ్గా వస్తోందా అనే ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలని, మీరు దీనిపై వివరమైన కథనం ఇవ్వాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు