మెయిన్ బజారుకు ఒక్కసారే కోట్లు వద్దు, ఏటా కొంత ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

చిన్న పట్టణాల మెయిన్ బజార్లకు నిధులు వచ్చినప్పుడల్లా జరిగేది ఒకటే. ముందు సిమెంటు రోడ్డు పోస్తారు. కొన్నాళ్లకే మంచినీళ్ల పైపు కోసం దాన్ని కోస్తారు. పూడ్చిన గాడి తొలి వానకే కుంగుతుంది. పొర మీద పొర వేసి వేసి రోడ్డు కొట్ల గడపలకంటే ఎత్తయిపోతుంది, వాన నీళ్లన్నీ లోపలికే. అందుకే అడుగుతున్నాం: ముందు పైపులు, తర్వాత కాలువ, ఆపైన ఫుట్‌పాత్, చివర్న రోడ్డు. ఈ వరుస తప్పితే బిల్లు ఇవ్వవద్దు. పాత పొర గీకి తీసే ఖర్చును ఎస్టిమేట్‌లోనే రాయించండి.

ఎక్కువగా చెడేది సైడు కాలువ దగ్గరే. పైన స్లాబు ఏకంగా పోసేస్తే పూడిక తీసే దారి ఉండదు. విడి పలకలు వేయించండి. రెండడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పలక సుమారు 120 కిలోలు తూగుతుంది. కొక్కేలుంటే ఇద్దరు గడ్డపారతో లేపుతారు. పొడవు నాలుగడుగులైతే బరువు రెట్టింపు, ఇక దాన్ని ఎవరూ కదపరు. దుకాణం మెట్లను పలకల మీద సిమెంటుతో కట్టనివ్వకూడదు, తీసి పెట్టుకునే ఇనుప మెట్టు చాలు. తీసిన పూడిక గట్టున ఆరేదాకా ఉంచితే వానకు తిరిగి కాలువలోకే పోతుంది. అదే రోజు ట్రాక్టరుకెత్తించాలి.

ఫుట్‌పాత్ మీద 1.8 మీటర్ల నడక దారి ఖాళీగా ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. అడుగున్నర ఎత్తు కడితే ముసలివాళ్లు రోడ్డు మీదే నడుస్తారు.

తోపుడు బండ్లను తరిమేస్తే బజారు బాగుపడదండీ. పూలకూ ఆకుకూరలకూ వచ్చినవాళ్లే పక్కనున్న బట్టల కొట్లో అడుగుపెడతారు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. ఆ కమిటీ కూర్చుని బండ్ల చోట్లు ఖరారు చేశాకే పెయింటు గళ్లు గీయించండి.

వీటన్నిటినీ నిలబెట్టేది ఏటేటా చేసే మరమ్మతే. బజారులో వసూలయ్యే ఆశీలులోనూ, మున్సిపల్ దుకాణాల అద్దెల్లోనూ పదో వంతు ఆ బజారుకే విడిగా ఉంచేలా ఉత్తర్వు ఇవ్వండి. మేలో ఒకసారి పూడిక తీయించాలి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి అక్కడ సెప్టెంబరులో మరోసారి తప్పదు.

ఇట్లు,
మెయిన్ బజారు దుకాణదారులు, విశ్రాంత మున్సిపల్ ఇంజినీర్లు