కుక్కల కొబ్బరి ముక్కల పొట్లం మీద మేము రాసిన తప్పు మాట గురించి

మా దగ్గర గానుగ కొబ్బరి నూనె, ఎండు కొబ్బరి కొంటున్న మీ అందరికీ నమస్కారం. నిరుడు దసరా ముందు నుంచి కుక్కల కోసం విడిగా అమ్ముతూ వచ్చిన ఎండు కొబ్బరి ముక్కల పొట్లాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పొట్లం మీద "పూర్తిగా సహజం, ఎంతైనా పెట్టవచ్చు" అని అచ్చు వేయించాము. ఆ మాట తప్పు. అది ఎందుకు తప్పో, ఇప్పటికే కొన్నవారు ఏం చేయాలో దాపరికం లేకుండా చెప్పవలసిన బాధ్యత నాది.

గత నెలలో హైదరాబాదు నుంచి ఒకామె ఫోన్ చేశారు. ఇంట్లో ఎవరూ చూడని సమయంలో వారి లాబ్రడార్ కుక్క 200 గ్రాముల పొట్లం చింపి మొత్తం తినేసింది. పొట్లం మీది మాట చదివి ఉన్నందువల్ల ఆమె ఆ రాత్రి కంగారు పడలేదు. తెల్లవారేసరికి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. వీపు విల్లులా వంచుకుని, పొట్ట మీద చెయ్యి వేయనివ్వకుండా మూలుగుతోందని చెబుతుంటే ఆమె గొంతు వణికింది. పశువైద్యులు పరీక్షించి క్లోమం వాచిందని తేల్చి మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇప్పుడది కోలుకుని మామూలుగా తింటోంది. చికిత్స ఖర్చు మేమే భరించాము. అయినా ఆ మొదటి రాత్రి వైద్యం అందకుండా పోవడానికి కారణం నేను రాయించిన నాలుగు మాటలే అన్న బాధ నాకు తీరలేదు.

అలా రాయించడానికి నాకున్న ఆధారం మా కళ్లం మాత్రమే. మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా నాన్నగారి కాలం నుంచి కొబ్బరి ఎండబెట్టే చోట ఏదో ఒక కుక్క కాపలా ఉంటూనే ఉంది. చిప్ప నుంచి కొబ్బరి వేరు చేసేటప్పుడు ఎగిరిపడిన గోరంత ముక్కలు ఏరుకుని తినడం, దానికి ఏమీ కాకపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. రోజుకు నాలుగైదు ముక్కలు తిని పొద్దస్తమానం తోటలో పరుగెత్తే కుక్క వేరు, రెండు పూటలా కడుపునిండా తిని అపార్టుమెంటులో ఉండే కుక్క వేరు అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. పొట్లం అచ్చుకు పంపే ముందు ఒక్క పశువైద్యుడినైనా అడగలేదు.

ఇప్పుడు అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను. కొబ్బరి కుక్కలకు విషం కాదు. చిక్కంతా అందులోని కొవ్వుతోనే. నూరు గ్రాముల పచ్చి కొబ్బరిలో సుమారు 33 గ్రాములు కొవ్వు ఉంటే, తడి పోయి గట్టిపడిన ఎండు కొబ్బరిలో అది దాదాపు 65 గ్రాములు. ఆ లెక్కన మా పొట్లం ఒక్కటే 130 గ్రాముల కొవ్వు, 1300 కేలరీల పైమాట; అంటే 30 కిలోల కుక్కకు దాదాపు ఒక రోజు మొత్తం తిండి. అంత కొవ్వు ఒక్కసారిగా లోపలికి వెళ్తే కొన్ని కుక్కలకు విరేచనాలతో పోతుంది, కొన్నింటికి క్లోమం దెబ్బతింటుంది. ఇదివరకే ఆ జబ్బు వచ్చిన కుక్కకు, ఒళ్లు పెరిగిన కుక్కకు, రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండే మినియేచర్ ష్నాజర్ వంటి జాతులకు కొబ్బరి అసలు పెట్టకపోవడమే మంచిది.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు చిరుతిళ్లన్నీ కలిపి రోజువారీ కేలరీలలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. పది కిలోల కుక్కకు అది సుమారు 60 కేలరీలు. కొవ్వును దృష్టిలో పెట్టుకుంటే అంతా కొబ్బరితోనే నింపకుండా, ఒక చిన్న చెంచాడు పచ్చి కొబ్బరి తురుముతో మొదలుపెట్టి, రెండు రోజులు విరేచనం ఎలా ఉందో చూడండి. నూనె కూడా అంతే. ఒక పెద్ద చెంచాలోనే 120 కేలరీలు ఉంటాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి గిన్నెలో పోసి పెట్టవద్దు.

కొందరికి నూనె సీసాలతో పాటు, కుక్కపిల్ల కొరుక్కుంటుందని ఉచితంగా పంపిన అర చిప్పలను దయచేసి ఈ రోజే తీసేయండి. ఒకదాన్ని నేనే సుత్తితో పగలగొట్టి చూశాను: విరిగిన పెంకు అంచు నా బొటనవేలిని కోసింది. అలాంటి ముక్క గొంతులో అడ్డుపడినా, పేగులో ఇరుక్కున్నా శస్త్రచికిత్స దాకా వెళ్తుంది. పీచు ఉండ చుట్టుకున్నా అదే ప్రమాదం.

కార్తీక మాసంలో గుడి నుంచి తెచ్చిన కొబ్బరి చెక్కలు ఇంట్లో పేరుకుపోతాయి. వాటిలో జిగురుగా మారినది, బూజు చుక్క కనిపించినది కుక్కకు వేయకండి. బూజులో పుట్టే విషం పైపైన గీకేసినా పోదు. మిగిలిన కొబ్బరి పచ్చడి కూడా వద్దు, అందులో పడే ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎండు ద్రాక్ష వేసిన కొబ్బరి మిఠాయి మరీ ప్రమాదం.

పొట్లం వెనుక "కడుపులో పురుగులు పోతాయి, పళ్లు శుభ్రపడతాయి" అని కూడా రాశాము. ఆ మాటలకు నా దగ్గర రుజువు ఏదీ లేదు, అందుకే వెనక్కి తీసుకుంటున్నాను. పురుగుల మందు మానేసి వీటి మీద ఆధారపడినవారు ఉంటే వెంటనే పశువైద్యుడిని కలవండి.

200 గ్రాముల పొట్లం ఆపేశాము. పశువైద్యుడు చదివి సరేననే దాకా కొత్తది అమ్మము. వచ్చినప్పుడు 40 గ్రాములే ఉంటుంది, కుక్క బరువును బట్టి ఎంత పెట్టాలో ముందువైపునే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాత పొట్లం విప్పినా, సగం వాడినా పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము. బిల్లు లేకపోయినా ఫోటో పంపితే చాలు. మీ కుక్కకు ఇది తిన్నాక ఏ ఇబ్బంది కలిగి ఉన్నా, చిన్నదే కదా అనుకోకుండా సీసా మీది నంబరుకు ఫోన్ చేయండి. ఆ ఫోన్ నేనే ఎత్తుతాను.