మా అమ్మను చూసుకున్న సిస్టర్‌కు కృతజ్ఞతలు

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి ఇరవై రోజులు వచ్చి అమ్మకు సేవ చేసిన సిస్టర్‌ కోసం ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దని ఆమే అన్నారు.

అనంతపురం నుంచి మా దగ్గరికి వచ్చిన నెలలోనే అమ్మ బాత్రూములో జారిపడింది. కుడి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చుకున్నాకే అసలు కష్టం మొదలైంది. కదలకుండా మంచం, మలబద్ధకం తెచ్చే నొప్పి మాత్రలు, పథ్యమంటూ మేము పెట్టిన ఇడ్లీ, చారన్నం. వీటికి తోడు, ఒంటికి పోవాలంటే కొడుకును పిలవాలి కదా అని అమ్మ నీళ్లు తాగడమే మానేసింది. ఆ సంగతి మాకు తెలియనే తెలియదు.

కొన్నాళ్లకు కొంచెం కొంచెంగా నీళ్లలా పోవడం మొదలైంది. విరేచనాలేమో అనుకొని, మందుల షాపులో అడిగి ఆపే మాత్ర తెచ్చి వేశాను. సాయంత్రం సిస్టర్ మొదటిసారి వచ్చారు. ఆమెది పావగడ వైపు, మాట అచ్చం మా ఊరి మాటే. అమ్మ పక్కన కూర్చుని, "రెంటికి సరిగ్గా పోయి ఎన్ని దినాలైందమ్మా?" అన్నారు. అంతవరకూ అమ్మను ఆ మాట అడిగినవాళ్లు లేరు. లెక్కేస్తే పది రోజులు.

పొట్ట తడిమి చూసి, నన్ను బయటికి పిలిచి చెప్పారు. లోపల మలం గట్టిపడి అడ్డుపడితే, దాని పక్కల నుంచి నీళ్లలా కారుతుందట. చూసేవాళ్లకు విరేచనంలా ఉంటుంది, ఆపే మాత్ర వేస్తే ఇంకా బిగుస్తుంది. డాక్టర్‌కు నా చేతే ఫోన్ చేయించి, ఆయన సరేనన్నాకే ఎనిమా ఇచ్చారు. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, అమ్మను ఎడమ పక్కకు తిప్పి, తలుపు వేసి, నన్ను బయటే ఉండమన్నారు. ఆ రాత్రి అమ్మ తెల్లవారేదాకా నిద్రపోయింది.

తర్వాత మాకంతా నేర్పారు. స్టీలు బెడ్‌పాన్ చల్లగా తగలకుండా ముందు వేడినీళ్లతో కడగాలి. తుడిచేటప్పుడు ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేదంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. టిఫిన్ తిన్న అరగంటలోపు పేగులు బాగా కదులుతాయి, ఆ వేళకే కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి. సీటు ఎత్తుగా ఉండాలి, తుంటి మోకాళ్ల కన్నా కిందికి దిగకూడదు. కుర్చీ ఇచ్చిన పక్కింటి అక్కకూ దండాలు.

పథ్యం అన్న మాట మళ్లీ ఎత్తనివ్వలేదు. గాయం మానాలంటే పప్పు, గుడ్డు తినాల్సిందే అన్నారు. రాగి సంకటి, ఆకుకూర, బొప్పాయి పెట్టించారు, కానీ నీళ్లు తాగకుండా పీచు తింటే ఇంకా గట్టిపడుతుందని పదేపదే చెప్పారు. గుండె, కిడ్నీల విషయం డాక్టర్‌ను అడిగి, రోజుకు లీటరున్నర అని తేల్చారు. అందులో ఎక్కువ భాగం చీకటి పడకముందే తాగించాలి. రాత్రి లేవాల్సి వస్తుందన్న అమ్మ భయం దాంతో తీరింది.

సిస్టర్, అమ్మ సిగ్గుపడి దాచుకున్న సంగతులన్నీ మీరు జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగారు. మా అమ్మ మళ్లీ మనిషయింది. ఉగాదికి ఓళిగలు చేసి పెడతానంటోంది, తప్పకుండా రండి. నిన్న వాకర్ పట్టుకొని తనే బాత్రూముకు వెళ్లి, తనే తలుపు దగ్గరగా వేసుకుంది. మీరు చెప్పినట్టే గొళ్లెం పెట్టలేదు.