హోం మంత్రి గారికి: మా అమ్మ క్యారియర్ గురించి ఆరో అర్జీ

కర్ణాటక హోం మంత్రి గారికి,

నమస్కారాలు. ఇంతకుముందు అయిదు అర్జీలు పెట్టాను. నాలుగు కన్నడంలో, ఒకటి ఇంగ్లీషులో. దేనికీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి భాష మార్చి చూస్తున్నాను. మీ పేషీలో తెలుగు చదివేవాళ్లు లేకపోరు, బెంగళూరులో అదేం కరువు కాదు. పైగా మా అమ్మ మీద వీడియోలు చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. మీరు చదవకపోయినా వాళ్లన్నా చదువుతారని ఒక ఆశ.

ధనవంతులైన భార్యాభర్తలు సొంత విల్లాలో చనిపోయిన ఆ కేసు ఏదో మీకు చెప్పక్కర్లేదు. చనిపోయిన దంపతుల పేర్లు నేను రాయను. పదకొండేళ్లు వాళ్ల ఇంటి ఉప్పు తిన్నాం. పేర్లూ, ఫొటోలూ, ఆస్తుల లెక్కలూ, అమెరికాలో ఉన్న కొడుకు ఇంటి ఫొటోతో సహా పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఆ ఇంట్లో వంట చేసిన మనిషి కూతుర్ని. వీడియోల్లో ‘పసుపు చీర ఆవిడ’ అంటున్నది మా అమ్మనే.

ఆ రోజు కార్తీక సోమవారం. అమ్మగారు పొద్దుటి నుంచి ఉపవాసం. చుక్క కనబడ్డాక దీపం పెట్టుకుని, అయ్యగారూ ఆవిడా భోంచేశారు. మిగిలినవి మా అబ్బాయికని ఆవిడే స్వయంగా అమ్మ క్యారియర్‌లో సర్దారు. పై గిన్నెలో గారెలు, మధ్యలో పులిహోర, అడుగున చలిమిడి. అది మూడు గిన్నెల స్టీలు క్యారియర్. మధ్య గిన్నెకు ఒక పక్క సొట్ట. క్లిప్పు విరిగి చాలాకాలమైంది, పాత చీర అంచు చించిన పీలికతో కట్టి మోస్తుంది అమ్మ. ఏడు నలభైకి గేటు దాటింది. కెమెరాలో పడింది అదే. మొత్తం నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లు బయటికి ఎలా వచ్చాయి? కాలనీ ఆఫీసు నుంచా, స్టేషన్ నుంచా? రెండో అర్జీలో అడిగాను. మూడోదానిలోనూ అడిగాను.

ఇప్పుడు మీకు తీరిక ఉంటే ఏ ఫోన్‌లోనైనా చూడండి. క్యారియర్ చుట్టూ ఎర్ర సున్నా, దానికో బాణం, ‘ఇందులో ఏముంది?’ అని పెద్దక్షరాలు, వెనకాల గుండె దడ లాంటి మ్యూజిక్. ఒకాయన అమ్మ భుజం ఎంత వంగిందో చూసి బరువు లెక్కగట్టాడు. నాలుగు కిలోల పైమాటేనట, పులిహోర అంత బరువుండదట. (పండగనాటి పులిహోర ఆయన ఎప్పుడూ మోసినట్టు లేదు.) ఒకరు అవి నగలన్నారు. ఇంకొకరు ఆ పీలికను రక్తం తుడిచిన గుడ్డ అన్నారు. అందరికంటే ఎక్కువమంది చూసినది మాత్రం విషం కథ. అన్నంలో కలిపిందట, మిగిలినది సాక్ష్యం కాకుండా ఇంటికి పట్టుకుపోయిందట.

సరే, విషమే అనుకుందాం. గారెలు మా అబ్బాయి అయిదు తిన్నాడు. పులిహోర నేనూ అమ్మా తిన్నాం. చలిమిడి మర్నాడు పొద్దున ఎదురింటి పాపకు కూడా పెట్టాం. అందరం బతికే ఉన్నాం, ఈ అర్జీ రాస్తున్నదే అందుకు రుజువు. ఈ ముక్క కనుక్కోవడానికి ఒక్క ఛానెల్ కూడా మా తలుపు తట్టలేదు. మాది మదనపల్లె పక్కన పల్లె. అమ్మ తన మాటలో అంటుంది, ‘క్యారేజీలో ఏముండాదో నన్నడిగింటే చెప్పింటా కదా పాపా’ అని.

మూడో రోజు పోలీసులు వచ్చారు. కడిగి బోర్లించిన క్యారియర్‌ని మహజరు (పంచనామా) రాసి తీసుకెళ్లారు. అప్పటి ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే మాట్లాడారు, అబద్ధం చెప్పను. ‘మీ అమ్మ సాక్షి మాత్రమే, భయపడకండి, వచ్చే వారం ప్రెస్ నోట్ ఇస్తాం’ అన్నారు. అది కార్తీకంలో మాట. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన ‘నాళె బన్ని’, అంటే రేపు రండి, అంటారు. రేపు వెళితే, బందోబస్తుకు వెళ్లారంటారు. ఎల్లుండి వెళితే, ‘నాళె బన్ని’. నేను పనిచేసేది గార్మెంట్స్ ఫ్యాక్టరీలో, టైం ఆఫీసులో. మనుషులు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసుకోవడమే నా ఉద్యోగం. మీవాళ్ల ‘నాళె’లు కూడా అలవాటుగా రాసుకున్నాను. ఇప్పటికి ఇరవై మూడు.

వీడియోల మీద ఫిర్యాదు రాసిస్తే ఎన్‌సీఆర్ అని, కేసు కట్టకుండా ఫిర్యాదు మాత్రం రాసుకున్నట్టు ఒక కాగితం చేతిలో పెట్టారు. పరువు నష్టం మేం నేరుగా కట్టే కేసు కాదు, కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేసుకోండి అన్నారు. చట్టం అలాగే ఉందని నాకూ తెలిసింది, కాదనను. కానీ వంటమనిషి కూతురు ముప్ఫై ఛానెళ్ల మీద ముప్ఫై కేసులు వేసుకుని కోర్టు చుట్టూ తిరగాలంటే ఎన్ని జన్మలు కావాలో ఆ సెక్షన్‌లో రాయలేదు. సైబర్ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. ‘ఎంత డబ్బు పోయింది?’ అన్నారు. డబ్బు పోలేదన్నాను. అయితే వేరే ఆప్షన్ నొక్కమన్నారు. వీడియోలు పెట్టే కంపెనీకీ రాశాను. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్‌లో ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని అప్పటికి ఉండేది. రూలు పాటించారు, తప్పు పట్టలేం. 24 గంటల్లో అందిందన్నారు, పదిహేనో రోజున ‘మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదు’ అన్నారు.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ రకం వీడియోలు నేనూ చూసేదాన్నే. లంచ్ బ్రేక్‌లో అన్నం ముద్దకూ ముద్దకూ మధ్య. కెనడాలోని టొరాంటో షెర్మన్ దంపతుల కేసు అలా చూసిందే. మందుల కంపెనీ అధిపతి బ్యారీ షెర్మన్, భార్య హనీ. 2017 డిసెంబరు 15న వాళ్ల ఇంట్లోనే ఈతకొలను గదిలో శవాలై దొరికారు. ఇల్లు చూపించడానికి వచ్చిన రియల్ ఎస్టేట్ వాళ్లకు కనబడ్డారు. అది ఎవరు చేసి ఉంటారో నాకూ ఒక అనుమానం ఉండేది, పక్క సీటు అమ్మాయితో పందెం కూడా కట్టాను. ఎవరి మీదో ఇప్పుడు చెప్పను. వాళ్లకూ ఒక కూతురుండొచ్చు అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

ఆ కేసు ఎందుకు ఎత్తానంటే, మన ఛానెళ్లు దీనికి ‘బెంగళూరు షెర్మన్ కేసు’ అని పేరు పెట్టాయి. ధనవంతులు, భార్యాభర్తలు, సొంత ఇంట్లో మరణం. అంతవరకే పోలిక. కానీ టొరాంటో పోలీసులు 2021 డిసెంబరులో ఒక సీసీటీవీ వీడియో విడుదల చేశారు. ఆ ఇంటి చుట్టుపక్కల నడిచిన ఎవరో మనిషి. నడకలో ఒక కాలు వింతగా లేస్తుందని, ఆ నడకను బట్టి గుర్తుపట్టినవాళ్లు చెప్పమని అడిగారు. ఇక్కడ మావాడొకడు ఆ మనిషిని స్క్రీన్‌కు ఎడమవైపు పెట్టాడు. కుడివైపు మా అమ్మ. రెండు నడకలూ పక్కపక్కన, స్లో మోషన్‌లో. అక్కడ మంచులో ఎవరో, ఇక్కడ గేటు దగ్గర మోకాళ్లు అరిగిపోయిన యాభై ఎనిమిదేళ్ల మనిషి. ‘ఇంటర్నేషనల్ ప్యాటర్న్’ అన్నాడు. అమ్మకు పాస్‌పోర్టు మాట అటుంచండి, తిరుపతి దాటి ఎరగదు.

ఆ రోజు నేను నవ్వాను సార్. అమ్మ నవ్వలేదు. అప్పటి నుంచి వీధిలో నడవాలంటే కాలు సరిగ్గా వేయాలని చూస్తోంది. మోకాలు నొప్పి ఉన్న మనిషి సరిగ్గా నడవాలని ప్రయత్నిస్తే ఎలా ఉంటుందో మీరు చూడలేదు. అది ఇంకా అనుమానంగా కనిపిస్తుంది.

అదే టొరాంటోలో ఇంకో సంగతి కూడా జరిగింది, దాన్ని మాత్రం ఏ ఛానెలూ పక్కపక్కన పెట్టి చూపించదు. మొదట్లో భర్తే భార్యను చంపి తానూ చచ్చిపోయాడని పత్రికల్లో వచ్చింది. పిల్లలు ఒప్పుకోలేదు, సొంతంగా వేరే డాక్టరుతో పోస్ట్‌మార్టం చేయించుకున్నారు. 2018 జనవరి 26న పోలీసులే మైకు ముందుకొచ్చి, ఇద్దరినీ ఎవరో కావాలని లక్ష్యంగా చేసుకుని చంపారని చెప్పారు. ఆరు వారాలు పట్టింది. నేరస్థుడు ఇప్పటికీ దొరకలేదు, పిల్లలు కోట్ల డాలర్ల బహుమానం ప్రకటించినా దొరకలేదు. అయినా పోయిన మనిషి మీది నింద పోలీసుల నోటే తొలగింది. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. నేరస్థుణ్ని పట్టుకోమనడం లేదు. ఒక్క వాక్యం చెప్పండి అంటున్నాను.

వీళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 2008 మే నెలలో నోయిడాలో ఆరుషి అనే అమ్మాయి తన ఇంట్లో చనిపోయినప్పుడు మొదటి వేలు ఎటు వెళ్లింది? పనిమనిషి హేమరాజ్ మీదికి. మర్నాడు అదే ఇంటి మేడ మీద అతని శవం దొరికింది. బతికున్న పనివాళ్లకు ఆ అవకాశం కూడా లేదు.

విసెరా అంటే ఏమిటో ఆర్నెల్ల కింద నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. జీర్ణాశయం, కాలేయం ముక్క, మూత్రపిండాల్లో సగం సగం, ఉప్పునీటి సీసాల్లో పెట్టి ల్యాబుకు పంపుతారు. రిపోర్టు వచ్చిందా అంటే ‘రాలేదు’ అని ఒకరు, ‘వచ్చింది, పెద్దాయన దగ్గరుంది’ అని ఇంకొకరు. కేసు ఇప్పటికీ యూడీఆర్ గానే ఉంది, అంటే అసహజ మరణం అని. అమ్మ తన వాంగ్మూలంలో ఒక మాట చెప్పింది: ఆ వారం చలికి పడగ్గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నారు, ఏసీ గది, కిటికీలన్నీ బిగించి ఉంటాయి అని. మూసిన గదిలో బొగ్గు రాజితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుందని మీ పోలీసులకు తెలియంది కాదు. రక్తం పరీక్షలో అది బయటపడుతుంది. కానీ దానికి రంగూ లేదు, వాసనా లేదు, ఎర్ర బాణం వేయడానికి వీలు కాదు.

చూశారా, నేను కూడా మొదలుపెట్టాను. అది కుంపటో, ఇంకేదో నాకు తెలియదు. మీరు చెప్పనంతకాలం ఈ ఊళ్లో ప్రతివాడూ డిటెక్టివే, నాతో సహా.

అమ్మ మొత్తం నాలుగిళ్లలో చేసేది. మిగతా మూడిళ్లవాళ్లూ ఒకే వారంలో ‘కొన్నాళ్లు రెస్ట్ తీసుకో’ అన్నారు. ఒక అపార్ట్‌మెంట్‌లో గేటు యాప్‌లోంచి ఆమె ఫొటో తీసేశారు. సెక్యూరిటీ పిల్లవాడు, నిన్నటిదాకా అమ్మ చేతి కాఫీ తాగినవాడు, ‘లిస్టులో లేదమ్మా’ అన్నాడు. కె.ఆర్.పురం సంతలో కూరలమ్మే ఆవిడ చిల్లర ఇస్తూ ముఖం తేరిపార చూసింది. పసుపు చీర ఇప్పుడు ట్రంకు పెట్టె అడుగున ఉంది. అమ్మకు ఇష్టమైన చీర అది, అమ్మగారే పెట్టారు, దసరాకు. మా అబ్బాయిని స్కూల్లో ‘క్యారియర్’ అని పిలుస్తున్నారు. ఏడో తరగతి. లంచ్ బాక్సు తీసుకెళ్లనని ఏడుస్తాడు.

పోలీసులు కేసుల వివరాలు మీడియాకు ఎలా చెప్పాలో మూడు నెలల్లో నియమావళి తయారు చేయమని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖకు చెప్పింది. దర్యాప్తు కబుర్లు ఇష్టమొచ్చినట్టు బయటికి పొక్కితే ఎవరి బతుకైనా పాడవుతుందనే కదా. మావరకు సగమే అమలైంది. ఏమీ చెప్పకూడదన్న సగం. ఆ నాలుగు సెకన్లు మాత్రం ఎలాగో దాటి వచ్చాయి.

పెద్దవాళ్లు పోయారు కాబట్టి మీ మీద ఒత్తిడి ఉంటుందని తెలుసు. వాళ్ల పిల్లలు మంత్రుల్ని కలవగలరు. మేం మిమ్మల్ని విధాన సౌధ గేటు దాకా వచ్చి చూశాం, రెండుసార్లు. ఒకసారి మీ కారు అద్దం కూడా కనబడింది. అమ్మ దణ్ణం పెట్టింది. మీరు చూశారో లేదో.

అడిగేవి మళ్లీ రాస్తున్నాను, ఆరోసారి. మా అమ్మ సాక్షి, నిందితురాలు కాదు అని పోలీసు శాఖ కాగితం మీద ఒక్క లైను రాసి ఇవ్వాలి. కన్నడంలో ఇచ్చినా చాలు, మేమే జెరాక్స్ తీసి ఇంటింటికీ పంచుకుంటాం. రిపోర్టు వచ్చి ఉంటే వచ్చిందని, రాకపోతే రాలేదని చెప్పాలి. ఆ వీడియో బయటికి ఎవరిచ్చారో కనుక్కోవాలి. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన ‘వచ్చే వారం’ ఎప్పుడొస్తుందో చెప్పాలి. ఇవేవీ కాకపోతే, పోనీ, ఆ క్యారియర్ అయినా తిరిగి ఇప్పించండి. పరీక్షలు అయిపోయే ఉంటాయి, అందులో ఏమీ లేదని మీకు తెలిసిపోయే ఉంటుంది.

మీ స్టోరు గదిలో క్యారియర్లు చాలానే ఉండొచ్చు. మాది మూడు గిన్నెలది, మధ్య గిన్నెకు సొట్ట. అడుగు గిన్నె కింద మా నాన్న పేరు కొట్టించి ఉంటుంది, తెలుగులో. చదవడానికి స్టేషన్‌లో ఎవరూ లేకపోతే కబురు చేయండి, నేనే వస్తాను.

ఇట్లు,
పసుపు చీర ఆవిడ కూతురు,
బెంగళూరు