టోపీలు ఎగరేసినవాళ్ళే కనిపిస్తారా?

సంపాదకుడు గారికి,

సైనికాధికారుల శిక్షణ మీద మొన్నటి ఆదివారం సంచికలో రెండు పేజీల కథనం వేశారు. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు, రాస్తున్నాను.

గాల్లోకి ఎగిరే టోపీలు, కళ్ళు తుడుచుకునే తల్లులు, ‘ఉక్కు మనుషులు’ అంటూ పెద్ద శీర్షిక. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ ముగింపు పరేడ్ జరిగినప్పుడల్లా మీరు వేసేది ఇదే. ఫొటోల్లో ముఖాలు మారతాయి గానీ విశేషణాలు మారవు. వీపున మూటతో, చేతిలో రైఫిల్‌తో కిలోమీటర్ల కొద్దీ నడిపించడం, నిద్ర లేని క్యాంపులు, తప్పు చేస్తే బురదలో ఫ్రంట్ రోల్స్... అన్నీ నోరూరేలా వర్ణించారు. ఆ నడకలో కాలు విరిగినవాడి గురించి ఒక్క ముక్క లేదు.

విరగవా కాళ్ళు? మరి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది ఎవరి గురించి? 1985 నుంచి దాదాపు 500 మంది క్యాడెట్లు ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ వంటి అకాడమీల నుంచి శిక్షణలోనే వైకల్యం పాలై ఇళ్ళకు చేరారని అప్పుడు బయటపడింది. మీరూ వేశారు లెండి, లోపలి పేజీలో ఓ మూల. కోర్టు కలగజేసుకునే నాటికి వాళ్ళకు మాజీ సైనికుల హోదా లేదు. ఎందుకంటే కమిషన్, అంటే అధికారిగా నియామకం, అందుకోకముందే దెబ్బ తగిలిందట, కాబట్టి అధికారులు కారట! శిక్షణలో గాయపడి వైకల్య పింఛనుతో వెళ్ళిన మామూలు రిక్రూటుకు ఆ హోదా ఉంది. రేపు అతనికి ఆజ్ఞలివ్వాల్సినవాడికి మాత్రం అప్పటికి లేదు. వచ్చేది నెలకు మహా అయితే 40 వేల రూపాయలు ఉండేది, అదీ పింఛను కాదు, ఎక్స్‌గ్రేషియా. కోర్టు కన్నెర్రజేశాక గానీ మాజీ సైనికుల ఆరోగ్య పథకంలో వైద్యం దక్కలేదు. అప్పటిదాకా ఏ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోయిందో! ఓర్పు పరీక్ష క్యాడెట్లకా, వాళ్ళ తల్లిదండ్రులకా?

నేను కఠిన శిక్షణ వద్దనేవాణ్ణి కాను. ఉద్యోగమంతా డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదినవాణ్ణే. ఎండలో పరిగెత్తించాను, తిట్లూ తిన్నాను. కానీ మోకాలి కింది ఎముక చాలాసార్లు ఒక్కరోజులో విరగదని ఆ ఉద్యోగంలోనే తెలుసుకున్నాను. గట్టి నేల మీద, బరువుతో, రోజూ పరిగెత్తిస్తుంటే ముందు సన్నటి పగులు వస్తుంది. వేలితో నొక్కితే ఫలానా చోటేనని పిల్లవాడే చెప్పగలడు. అప్పుడే ఆపి విశ్రాంతినిస్తే చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది. ఆపకపోతే పూర్తిగా విరగొచ్చు. అయితే చెప్పేదెవరు? చెబితే శిక్షణ రోజులు పోతాయి. ఎక్కువ పోతే రెలిగేషన్, అంటే తోటివాళ్ళు ముందుకెళ్ళిపోతే తను జూనియర్లతో కలిసి మళ్ళీ ఆ టర్మే చెయ్యాలి. పైగా నాటకాలాడుతున్నాడన్న చూపులు. అందుకని నొప్పి మాత్ర మింగి పరిగెడతాడు. మీ విలేకరి దాన్నే ‘మొక్కవోని దీక్ష’ అన్నారు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు అలాగే దీక్షపట్టి, చేతికర్రతో తిరిగొచ్చాడు. ఏ అకాడమీయో రాయను, రాయడం అతనికి ఇష్టం లేదు.

నాయకత్వ పరీక్ష అంటే జట్టులో కుంటుతున్నవాణ్ణి అందరికంటే ముందు గమనించి, ‘సార్, వీణ్ణి ఆపండి’ అన్న క్యాడెట్‌కు మార్కులు పడాలి. సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ పరీక్షల్లో ఐదు రోజులపాటు చూసేది కూడా ఇలాంటి గుణమేగా? పలక, దుంగ, తాడు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. ఎవరు ఎవర్ని కలుపుకుపోతున్నారో ఓ అధికారి పక్కన నిలబడి గమనిస్తారు. చక్కటి పద్ధతి. దాన్నీ బతకనివ్వలేదు మన కోచింగ్ సెంటర్లు. అవే అడ్డంకులు పెరట్లో కట్టించి, ఏ పలక ఎక్కడ వేయాలో, పక్కవాణ్ణి ఎప్పుడు మెచ్చుకోవాలో కూడా బట్టీ పట్టిస్తున్నారు. ఎంట్రన్సులకు బట్టీ అయిపోయింది, ఇక నాయకత్వానికీ బట్టీయే. వాళ్ళ ప్రకటనలు మీ మొదటి పేజీలోనే వస్తుంటాయి కాబట్టి ఈ పేరా మీరు కత్తిరించినా ఆశ్చర్యపోను.

1932లో డెహ్రాడూన్ అకాడమీని ప్రారంభిస్తూ నాటి సర్వసేనాని చెట్‌వుడ్ అన్న మాటలను క్యాడెట్లకు నూరిపోస్తారు. ముందు దేశం, ఆ తర్వాత నీ కింద పనిచేసేవాళ్ళ క్షేమం, అన్నిటికన్నా చివర నీ సుఖం అని. ఢిల్లీలో కూర్చుని గాయపడిన క్యాడెట్ల ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే పెద్దలచేత కూడా ఒకసారి పైకి చదివిస్తే బాగుండు, ముఖ్యంగా రెండో మాట.

వచ్చే పరేడ్‌కు మీ విలేకరి ఎలాగూ వెళ్తారు. టోపీల ఫొటో తీసుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ కోర్సులో ఎంతమంది చేరారు, ఎంతమంది వైద్య కారణాలతో మధ్యలో వెళ్ళిపోయారు, వాళ్ళకు ఇప్పుడు ఏం అందుతోంది అని మాత్రం అడిగి రమ్మనండి. చెబితే వేయండి. చెప్పకపోతే, చెప్పలేదని వేయండి.

– ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు