రిపేరు బల్ల మీది సీసానికి హద్దు లేదా?

సంపాదకులకు,

నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ బోధించి రిటైరయ్యాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు జిల్లాలో చాలాచోట్ల ఫోన్లు, టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తూ బతుకుతున్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసమే.

మన దేశంలో అమ్మే ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం, పాదరసం 0.1 శాతానికి, కాడ్మియం 0.01 శాతానికి మించకూడదన్న నిబంధన 2014 మే నుంచి ఉంది. యూరప్‌లో 2006 జూలైలోనే అమలైంది. ఈ లెక్క పరికరం మొత్తం బరువు మీద కాదు, అందులోని ఒక్కొక్క పదార్థం మీద చూస్తారు. కాబట్టి కొన్ని మినహాయింపులు పోగా, బోర్డు మీది అతుక్కి కూడా అదే హద్దు. శ్రీసిటీలో తయారయ్యే ఫోను ఈ హద్దుకు లోబడే బజారుకు రావాలి.

అదే ఫోను ఛార్జింగ్ పిన్ను ఊడి రిపేరుకు వచ్చిందనుకోండి. మా కుర్రాళ్ల బల్ల మీదుండే, కరిగించి అతుకు వేసే సోల్డర్ తీగలో అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం! చవక, 190 డిగ్రీల లోపే కరుగుతుంది, అతుకు నున్నగా మెరుస్తుంది. సీసం లేని తీగకు దాదాపు 220 డిగ్రీల వేడి కావాలి, ధర కూడా ఎక్కువ. రోజుకు పది ఫోన్లు చూసుకునే మనిషి ఏది కొంటాడో చెప్పనక్కరలేదు. అతణ్ని తప్పుపట్టను.

అందరూ పొగకు భయపడతారు. పొగలో ఎక్కువగా ఉండేది ఫ్లక్సులోని (అతుకు బాగా పట్టడానికి వాడే పదార్థంలోని) రోజిన్ అనే చెట్టు బంక. అది ఉబ్బసం తెస్తుంది. సీసం మాత్రం చేతుల నుంచి నోటికి చేరుతుంది. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు తీగను పళ్ల మధ్య పట్టుకునేవాళ్లను ఎంతమందిని మందలించానో! ఆ బల్ల మీదే టిఫిన్ పొట్లం విప్పుతారు. బట్టలకు అంటిన ధూళితోనే ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దల కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది దెబ్బతీసేది ఎదిగే మెదడును.

పాత బోర్డుల సంగతీ ఇంతే. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల కింద రీసైక్లింగ్ సంస్థలకు (తయారీదార్లు డబ్బిచ్చి కొనే) ధ్రువపత్రాలిస్తున్నది బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము రాబట్టినందుకు. సీసాన్ని జాగ్రత్తగా వేరుచేసినందుకు ఎవరికీ ఏమీ దక్కదు.

సోల్డర్ తీగ చుట్ట మీద సీసం శాతాన్ని, హెచ్చరికను తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేయించాలి. ఐటీఐలకు కొనే తీగ వచ్చే విద్యా సంవత్సరం నుంచైనా సీసం లేనిదే కావాలి. ఆ వేడికి మొదటే చెయ్యి అలవాటుపడితే దుకాణం పెట్టాక కూడా అదే వాడతారు. ఊడ్చిన సోల్డర్ ముక్కలను దుకాణాల నుంచి తీసుకువెళ్లే ఏర్పాటు కాలుష్య నియంత్రణ మండలి చూడాలి.

– ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు, గుంటూరు